ఐనార్ వంతు

మార్చి 2

ఈ ఏడు వంతు ఐనార్‌ది.

మంచు కరగడం మొదలవగానే మా ఇంటికి ఒక తుపాకీ వస్తుంది. ఒక ఏడు నేను ఎంచుకుంటాను, మరుసటి ఏడు ఐనార్. ఒకరు తెచ్చినదానికి రెండోవారు వంక పెట్టకూడదు. పెళ్ళినాటి నుంచీ మేమిద్దరం తప్పకుండా నిలబెట్టుకున్న ఒప్పందం ఇదొక్కటే. నిరుడు నేను తెచ్చిన బుల్లి రైఫిల్ చూసి ఐనార్ "ఉడతలు బెదురుతాయిలే" అన్నాడు. అది వంక కాదట, అభిప్రాయమట.

ఇప్పుడు తనకు ఒకే మాట వస్తుంది. "అదే." కాఫీ కావాలన్నా అదే, కిటికీ మూయమన్నా అదే, నా మీద కోపమొచ్చినా అదే. నవంబరులో, జింకల వేట ముగిసే వారంలో, పక్షవాతం వచ్చి కుడి చేతినీ కుడి కాలినీ మాటనీ ఒక్క ఊపున పట్టుకుపోయింది. కాలు కొంత తిరిగొచ్చింది. బూతులు మాత్రం పూర్తిగా తిరిగొచ్చాయి. నిన్న చెంచా జారిపడితే, గొడ్లు కాసే రోజుల్లో వాళ్ళ నాన్న తిట్టిన బూతు ఒకటి అక్షరం పొల్లుపోకుండా తిట్టాడు. మాట నేర్పే డాక్టరమ్మ చెప్పింది, తిట్లు మెదడులో వేరే గదిలో ఉంటాయట. ఆ గదికి ఏమీ కాలేదట. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి తలలో గదులున్నాయని నాకు తెలియనే తెలియదు. అప్పటినుంచీ తన నుదురు వైపు చూస్తుంటే చర్చిలో పైకప్పు చూస్తున్నట్టుంది.

ఇంట్లో మాటలన్నీ నావే అయిపోయాయి. వినీ వినీ నాకే విసుగొస్తోంది. అందుకే ఇది రాస్తున్నాను.

మార్చి 5

ఊళ్ళో క్రోగ్ తుపాకుల కొట్లో, వెనక గోడకు, ఒక పొడుగు రైఫిల్ ఉంది. పాతకాలపుది. ఒకసారికి ఒకే తూటా. మీట కిందికి లాగితే ఇనుప దిమ్మ కిందికి జారి నోరు తెరుచుకుంటుంది. తూటా పెట్టి మీట పైకి నెడితే మూసుకుంటుంది. మూసుకునేటప్పుడు చప్పుడు కూడా రాదు, నూనెలో వేలు ముంచినట్టు ఉంటుంది. మా తాతలు నార్వే నుంచి వచ్చి ఈ దేశంలో ఓడ దిగకముందు ఎవరో ఆకురాయి పట్టుకుని కూర్చుని ఆ ఇనుమును అంత నునుపు చేశారు. ఇప్పటికీ వెంట్రుక దూరే సందు లేదు.

చర్చిలో కూడా నేను గుర్తుచేస్తే గాని ఐనార్ టోపీ తీయడు. ఆ రైఫిల్ ముందు మాత్రం ఎవరూ చెప్పకుండానే తీశాడు. చూసి రెండేళ్ళయింది. ఈసారి తన వంతుకు అదే తెచ్చేస్తాను. తను అడగలేడు కనక నేనే తెచ్చేస్తాను.

బరువు సంగతి తరవాత చూసుకోవచ్చు.

మార్చి 9

సరుకులకు వెళ్ళి వచ్చాను. ఐనార్ కింది గదిలో, తుపాకుల బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బీరువా తెరిచి ఉంది. ఒళ్ళో వాళ్ళ నాన్న రైఫిల్.

శుభ్రం చేసుకుంటున్నాడు.

సంచి గట్టిగా పెట్టాను కాబోలు, గుడ్లు పగిలాయి.

మార్చి 10

శుభ్రం చేసుకుంటున్నాడు. నూనె సీసా, గుడ్డపీలికలు కుర్చీ అవతల ఉండి ఉంటాయి. నేను చూసుకోలేదు.

పొద్దున్నే మాగ్నస్‌కు ఫోన్ చేశాను. ఈ ఏడు కింది గదికి చెమ్మ వస్తోందని, తుపాకులు తుప్పు పడతాయని, కొన్నాళ్ళు మీ ఇంట్లో ఉంచుకోమని అడిగాను. మాగ్నస్ ఐనార్‌కు అన్న. తల్లిని పాతిపెట్టిన రోజు కూడా హాస్యమాడిన మనిషి. అటునుంచి ఒక్క హాస్యం రాలేదు. "ఇప్పుడే వస్తున్నా" అన్నాడు. రోడ్డంతా మంచు. ట్రక్కు చక్రాలకు గొలుసులు కట్టుకుని వచ్చాడు.

"అన్నీనా?" అన్నాడు బీరువా ముందు నిలబడి.

"అన్నీ."

"నీ ఉడతల తుపాకీ కూడానా?"

"అన్నీ అన్నాను కదా మాగ్నస్."

"తూటాలు?"

"అవి కూడా."

ఒక్కొక్కటే దుప్పట్లో చుట్టి, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి బయటికి మోశాడు. గోడల వైపు చూడనైనా చూడలేదు. వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "మా ఇల్లు బాగా పొడిగా ఉంటుంది, ఆర్డిస్. ఎన్నాళ్ళయినా ఉండనీ" అన్నాడు.

ఐనార్ కిటికీలోంచి అంతా చూశాడు. "అదే" అని కూడా అనలేదు.

మార్చి 11

చెమ్మ నిజంగానే ఉంది. గోడ తడిమి చూశాను.

మార్చి 19

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఐనార్‌ను నర్సు దగ్గర కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి వెళ్ళి చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను.

"తుపాకులు ఇంట్లోంచి పంపేశారా? చాలా మంచి పని చేశారు" అంది డాక్టరు.

"చెమ్మ వల్ల" అన్నాను.

"అవును" అంది. చాలా మెల్లగా అంది.

ఐనార్‌కు కొత్త మాత్రలు రాసింది. వారం వారం వెళ్ళి మనసులోది చెప్పుకోవడానికి ఒకావిడను కుదిర్చింది. మాట రాని మనిషి ఆవిడతో ఏం మాట్లాడతాడని అడిగాను. ఎడం చేత్తో బొమ్మలు గీస్తాడట. ఈరోజే ఆవిడ దగ్గర ఒకటి గీసి నాకు చూపించాడు. ఒక గుర్రం అనుకుంటాను. లేకపోతే నేను.

మార్చి 28

ఖాళీ బీరువాలో ఆకుపచ్చ బట్ట మీద ఒక్కో తుపాకీ నిలబడిన చోట ఒక్కో గుంట. పళ్ళు ఊడిన నోరులా ఉంది. తలుపు మూసేశాను.

ఏప్రిల్ 6

వాగు కదిలింది. మంచుపలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వంతెన కింద నుంచి వెళుతుంటే ఐనార్‌తో గట్టున నిలబడి చూశాను. ఇంటంత పలక ఒకటి నిలువునా లేచి, ఎండలో ఒక్క క్షణం నీలంగా మెరిసి, మళ్ళీ మెల్లగా పడుకుంది. ఏటా చూసేదే. ఏటా నా నోరు తెరుచుకునే ఉంటుంది.

మాగ్నస్ భోజనానికి వచ్చాడు. జింక మాంసం వేపుడు, బంగాళాదుంప రొట్టెలు. తింటూ తింటూ మాగ్నస్, "ఏరా తమ్ముడూ, ఈ ఏడు నీ వంతు కదా? ఏం కొంటున్నావు?" అన్నాడు.

బల్ల కింద కాలితో తన్నాను. అందింది బల్ల కోడు.

ఐనార్ తలెత్తాడు. శీతాకాలమంతా పళ్ళెంలోకి చూస్తూ తిన్న మనిషి తలెత్తి, "అదే!" అన్నాడు.

"అదేనా? సరే. క్రోగ్ దగ్గర ఎడంచేతివాటం రైఫిల్ ఒకటుందిట, తేలిగ్గా ఈకలా ఉంటుందిట. బల్ల మీద ఆనించుకుని కాల్చొచ్చు. ముసలమ్మలు కూడా కాలుస్తారుట."

ఐనార్ అప్పుడు తిట్టిన తిట్టు రాయడానికి ఈ కాగితం చాలదు. తాతలనాటి నార్వే మాటలు కూడా కలిశాయి. మాగ్నస్ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. తరవాత నవ్వు ఆగిపోయినా నీళ్ళు ఆగలేదు.

వాకిట్లోకి సాగనంపి అక్కడ దులిపేశాను. "ఆ మాట ఎందుకెత్తావు? ఇంట్లో ఉన్నవే తీసేశాం. ఇప్పుడు కొత్తది కొనిపెడదామా?"

"కొని మా ఇంట్లో పెడదాం. తాళంచెవి నా బెల్టుకు కట్టుకుంటాను, సరేనా?" అన్నాడు. కాసేపు బూటుతో మంచు గీకాడు. "వాడు బతికే ఉన్నాడు ఆర్డిస్. వాడి చెయ్యి పోయింది, మాట పోయింది. వాడి వంతు కూడా నువ్వు తీసేసుకుంటే ఇంకేం మిగిలింది వాడికి?"

మాగ్నస్ హాస్యమాడకుండా మాట్లాడితే నాకు భయం వేస్తుంది.

ఏప్రిల్ 7

నేనేమీ తీసేసుకోలేదు. పొడుగుది తనకోసమే కదా అనుకున్నాను.

ఏప్రిల్ 14

ఈరోజు అడిగాను.

వరండాలో ఎండకు కూర్చున్నాం. కొండల మీద ఇంకా తెల్లగానే ఉంది, కింద పచ్చిక మాత్రం తేలింది. కంచె స్తంభం మీద పసుపు రొమ్ము పిట్ట ఒకటి గొంతు చించుకుని పాడుతోంది. అడిగేది అప్పుడే అడగాలనిపించింది.

"ఐనార్, ఆ రోజు బీరువా ముందు కూర్చున్నావు చూడు. శుభ్రం చేసుకుంటున్నావు కదూ?"

జవాబు కూడా నేనే చేతిలో పెట్టాను. అవునన్నట్టు తల ఊపితే చాలు. అబద్ధం ఆడటానికి మాటలతో పని లేదు.

తను నా వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. కాదు.

పిట్ట పాడుతూనే ఉంది.

ఐనార్ ఎడం చేత్తో కొండల అవతల, మాగ్నస్ ఇంటి వైపు చూపించాడు. తాళం తిప్పినట్టు వేళ్ళు తిప్పాడు. అరచెయ్యి కిందికి అదిమాడు. అక్కడే ఉండనీ. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. మేమిద్దరం ఏడ్చాం. ముందు ఎవరు మొదలుపెట్టారో తెలియదు.

"ఇప్పుడు కూడా వస్తోందా, ఆ ఆలోచన?"

చెయ్యి అటూ ఇటూ ఊపాడు. అప్పుడప్పుడు.

"వస్తే నాకు చెప్తావా?"

"అదే" అన్నాడు.

ఎలా చెప్తావని అడగలేదు. నేను చేతికి అబద్ధం అందించినా తీసుకోని మనిషి చెప్పే తీరుతాడు. ఇంత ధైర్యం నేను నా జన్మలో చూడలేదు. రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడిపాను, తుపాను రోజుల్లో లోయ అంచున నడిపాను, అప్పుడు నన్ను ధైర్యవంతురాలన్నారు. అది బండి ధైర్యం.

చెమ్మ సంగతి ఇంక రాయను.

ఏప్రిల్ 26

మాగ్నస్ ట్రక్కులో ముగ్గురం క్రోగ్ కొట్టుకు వెళ్ళాం. దారంతా మాగ్నస్ పాడాడు. మేము భరించాం.

లోపలికి అడుగు పెట్టగానే అదే వాసన: నూనె, పాత చెక్క, క్రోగ్ పైపు పొగాకు. వెనక గోడకు పొడుగు రైఫిల్ అలాగే ఉంది. ఐనార్ కర్ర పొడుచుకుంటూ దాని ముందుకు వెళ్ళి, కర్రను మోచేతికి తగిలించుకుని, ఎడం చేత్తో టోపీ తీశాడు. సరిగ్గా ఊహించాను అనుకున్నాను.

క్రోగ్ దాన్ని దించి బల్ల మీద పరిచాడు. ఐనార్ గొట్టం పొడుగునా వేలు పోనిచ్చాడు. గుర్రం మెడ నిమిరినట్టు నిమిరాడు. తరవాత తల అడ్డంగా ఊపి టోపీ పెట్టుకున్నాడు.

"మరి ఇది చూడు" అని క్రోగ్ ఎడంచేతివాటం రైఫిల్ పెట్టె మీద చెయ్యి వేశాడు. పెట్టె తెరవకముందే తిట్టు పడింది.

"ముందే చెప్పాను కదా, ముసలమ్మలకని" అన్నాడు మాగ్నస్.

ఐనార్ గోడ వెంబడే నడిచాడు. ఒక్కొక్కదాని ముందూ ఆగుతూ, మెడ వంచి చూస్తూ. మేము వెనకాలే నిలబడ్డాం. చివర, కిటికీ పక్క, ఒక రైఫిల్ దగ్గర ఆగిపోయాడు. అదీ ఒకే తూటాదే, పొడుగుదానికి చెల్లెలిలా ఉంది. వాల్‌నట్ చెక్క ముదిరి నల్లబడింది, కాని కిటికీ వెలుగు పడేసరికి లోపల ఎర్రటి జీరలు, నీటి అడుగున మంట కదులుతున్నట్టు కదిలాయి. నేను దగ్గరికి వెళ్ళి ఊపిరి పట్టుకుని చూశాను. అది చెట్టుగా నిలబడిన రోజున ఆ ఎరుపు ఉందని ఎవరికి తెలుసు!

ఐనార్ నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగాడు.

"నన్ను ఎత్తమంటావా? సరే, నీకోసం ఎత్తి చూపిస్తాను" అన్నాను. భుజానికి పెట్టుకున్నాను.

తను తల విదిలించి నా మోచెయ్యి పట్టుకున్నాడు. రైఫిల్ వెనక చెక్క చూపించాడు, మళ్ళీ నా మోచెయ్యి. "అదే, అదే, అదే!"

"ఆమె చేతి కొలత తీయమంటున్నాడు" అన్నాడు క్రోగ్.

"నా కొలత ఎందుకు? ఈ ఏడు తన వంతు."

"వాడు కొలవమంటుంటే నీకేం బాధ?" అని క్రోగ్ టేపు తెచ్చి, మోచేతి మడత నుంచి వేలి దాకా కొలిచాడు. రెండోసారి కొలిచాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నన్ను చూశాడు. "ఇన్నాళ్ళూ ఎవరి తుపాకులతో కాలుస్తున్నావు ఆర్డిస్?"

"మావే. అన్నీ ఐనార్ చేతికి సరిపోయేవే. నేను తెచ్చినవీ అంతే, కొట్లో ఎలా ఉంటే అలాగే."

"ఆ తుపాకుల చెక్క నీకు రెండు వేళ్ళు పొడుగు. ఇన్నేళ్ళూ మెడ చాచి కొంగలా కాల్చి ఉంటావు."

"కొంగే" అన్నాడు మాగ్నస్. "కాల్పుల మైదానంలో అందరూ అలాగే పిలుస్తారు."

"ఎవరు పిలుస్తారు?"

"అందరూ అంటే అందరూ. పాస్టరు కూడా."

క్రోగ్ దగ్గొచ్చేలా నవ్వాడు. ఐనార్ కూడా నవ్వాడు. ముఖంలో సగమే నవ్వింది. ఆ సగమే చాలు, కొట్టు నిండింది.

ఆ రైఫిల్ నూరేళ్ళ కిందట ఎవరో ఒకావిడ చెప్పి చేయించుకున్నదట. పేరు తెలియదు. చెక్క పొట్టిగా చెక్కించుకుంది. "మళ్ళీ ఎత్తు, ఈసారి కళ్ళు మూసుకుని ఎత్తి తెరువు" అన్నాడు క్రోగ్. ఎత్తాను. చెంప దానంతటదే చెక్క మీదికి చేరింది. కళ్ళు తెరిచేసరికి వెనక గురి రంధ్రం, గొట్టం చివర గురి మొన ఒకే గీత మీద ఉన్నాయి. నేను మెడ కదపలేదు. ఏమీ వెతకలేదు. సరిపోవడమంటే ఇదా? నూరేళ్ళ కిందటి ఆవిడ మోచెయ్యి, నా మోచెయ్యి ఒకటేనా?

ఐనార్‌కు ఇది ఎప్పటినుంచి తెలుసు? వెయ్యి గజాల పోటీల్లో కాల్చేది తనే. నేను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, దుర్భిణిలో చూసి, తూటా ఎక్కడ పడిందో చెప్పేదాన్ని. దగ్గరి గురులకు మాత్రమే కాల్చేదాన్ని. దూరపుది నా వల్ల కాదనేదాన్ని. తను ఎప్పుడూ కాదనలేదు, ఔననలేదు. చూస్తూ ఉన్నాడన్నమాట.

"ఇది నీ వంతు ఐనార్" అన్నాను మళ్ళీ.

ఎడం చూపుడువేలు పెదవుల మీద పెట్టాడు. ఒప్పందం. వంక పెట్టకూడదు.

మే 11

రైఫిల్ మాగ్నస్ ఇంట్లో ఉంది. దాన్ని చూడటానికని వెళ్ళి మాగ్నస్ కాఫీ తాగాల్సి వస్తోంది. ఇంతకన్నా పెద్ద ప్రేమ ఎవరూ అడగలేరు.

ఐనార్‌కు రెండో మాట వచ్చింది. "కాదు." రోజంతా వాడాడు. డాక్టరమ్మ సంబరపడింది. నేను సాయంత్రానికి అలిసిపోయాను.

మే 19

ఈరోజు పొద్దున్న ఐనార్ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. అర్థమైంది. ఇద్దరం వంటింట్లో నేల మీదే కూర్చున్నాం. డాక్టరుకు ఫోన్ చేశాను, ఆవిడ ఐనార్‌తో మాట్లాడింది. మాగ్నస్ వచ్చి నేల మీదే కూర్చున్నాడు, "ఈ ఇంట్లో కుర్చీలు కూడా మా ఇంటికి పంపేశారా?" అన్నాడు. మధ్యాహ్నానికి ఐనార్ నా చెయ్యి వదిలాడు.

చెప్తానన్నాడు, చెప్పాడు.

మే 30

మైదానంలో అభ్యాసం. పాతకాలపు నల్ల తుపాకీ మందు తూటాలు. కాల్చగానే ముఖం ముందు తెల్లటి పొగ దుప్పటిలా పరుచుకుంటుంది. కాల్చినవాళ్ళకు గురి కనబడదు. తూటా ఎటు పోయిందో పక్కన దుర్భిణి పట్టినవారే చెప్పాలి. ఆ ముక్కాలిపీట మీద ఇప్పుడు ఐనార్ కూర్చున్నాడు.

కాల్చాను. "ఎక్కడ పడింది?"

"అదే."

"పైనా, కిందా?"

"అదే. కాదు. అదే!" తరవాత ఒక బూతు.

"నేను చూసి చెప్తానులేరా" అన్నాడు మాగ్నస్ వెనకనుంచి. అతనికీ ఒక బూతు పడింది.

తరవాతి తూటా కాల్చాక నా వీపు మీద వేలు ఆనింది. నేను బోర్లా పడుకుని ఉన్నాను. ఎడమ భుజం ఎముక కింద, వెన్నుకు దగ్గరగా, గట్టిగా ఒక్క పోటు. వెనక్కి తిరిగి చూశాను. ఐనార్ గురి వైపు చూపించి, మళ్ళీ నా వీపు చూపించాడు.

నా వీపే గురిగా నిలబెట్టిన ఇనుప పలక. ఎడమకు, కొంచెం కిందికి పడింది.

గురి సర్దుకుని కాల్చాను. ఈసారి వేలు మెడ కింద ఆనింది. పైకి పోయింది. ఆ తరవాత కుడి పక్క అంచున. మాట ఇంత సూటిగా ఉండగలదని నాకు తెలియదు. నేను పీట మీద కూర్చున్న రోజుల్లో "కొంచెం ఎడమ, అంటే, మరీ ఎడమ కాదు" అంటూ తినేసేదాన్ని తనను.

మాగ్నస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "వీడు ఇన్నాళ్ళూ నోటితో మాట్లాడి టైము వృథా చేశాడు" అన్నాడు.

జూన్ 15

పోటీ అయింది. చేతులకు ఇంకా తుపాకీ మందు వాసన. కడుక్కోకుండా రాస్తున్నాను.

జనం బాగా వచ్చారు. గుడారాలు, పిల్లలు, కుక్కలు, కాల్చిన మాంసం పొగ. ఐనార్‌ను చూసి చాలామంది దగ్గరికి వచ్చి, చెయ్యి కలపబోయి, కుడి చెయ్యి చూసి తడబడ్డారు. తను ఎడం చెయ్యి ముందే చాచాడు. పాస్టరు "ఏం ఆర్డిస్, పొట్టి రైఫిలా?" అని అడిగితే "కొంగకు సరిపడా" అన్నాను. ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. మాగ్నస్ నిజమే చెప్పాడన్నమాట.

వెయ్యి గజాల అవతల కొండవాలులో తెల్ల రంగు వేసిన ఇనుప పలక. ఇక్కడినుంచి చొక్కా గుండీ అంత. మధ్యలో గడ్డి. గాలికి గడ్డి వంగి, లేచి, ఇంకో చోట వంగుతోంది. గాలి నడుస్తుంటే అడుగులు కనబడుతున్నట్టుంది. దాని పైన మా ఆకాశం. నేను పుట్టినప్పటినుంచీ దీని కిందే ఉన్నాను, ఈరోజు దాని కింద పడుకుంటే ఎంత చిన్నదాన్నో తెలిసింది. భయం వేయలేదు. హాయిగా ఉంది.

మొదటి తూటాకు వీపు మీద కుడి అంచున వేలు. గాలి. సర్దుకున్నాను. రెండోది నడుము పైన: తక్కువ పడింది. మూడోది భుజాల మధ్య, కొంచెం పైకి. నాలుగోది దానికి అంగుళం కింద. వేలు ప్రతిసారీ మధ్యకు దగ్గరవుతోంది. ఐనార్ ఊపిరి వినిపిస్తోంది. నాకన్నా తనే గట్టిగా పీలుస్తున్నాడు. ఇంకొక్కటే మిగిలింది.

మీట దించాను. తూటా పెట్టాను. మీట ఎత్తాను. నూనెలో వేలు ముంచినట్టు దిమ్మ మూసుకుంది. గడ్డి వంగింది. లేచే దాకా ఆగాను. చెంప చెక్క మీద ఉంది, గుండీ గురి మీద ఉంది. ఎప్పుడు నొక్కానో నాకే తెలియదు.

భుజానికి తోపు తగిలింది. పొగ కమ్ముకుంది. వెయ్యి గజాలు పోవడానికి ఆ బరువు తూటాకు చాలాసేపు పడుతుంది. చప్పుడు తిరిగి రావడానికి ఇంకాసేపు. ఆ ఎండలో దుర్భిణి పట్టినవారికి తూటా పోవడం కనబడుతుంది, పైకి లేచి, నల్ల చుక్కలా వంగి, కిందికి దిగడం. నేను ఎన్నిసార్లు చూశాను. ఈసారి ఐనార్ చూస్తున్నాడు. నాకు పొగ తప్ప ఏమీ లేదు. ఊపిరి తీసి వదిలాను. మళ్ళీ తీశాను.

ఇనుము ఇంకా మోగలేదు.

నా వీపు నడిమధ్యన ఐనార్ అరచెయ్యి మొత్తం వచ్చి ఆనింది.

తరవాత, చాలా దూరం నుంచి, ఇనుము మోగిన చప్పుడు వచ్చింది.